తలుపు లాగే ముందు తాళంచెవి

చి. హారికకు,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి గంటసేపు నీ ముచ్చటే చెప్పాడు. మాడ్రిడ్ కాంప్లుతెన్సే విశ్వవిద్యాలయంలో సీటు, వీసా, లవాపియెస్ పేటలో గది, సెప్టెంబరు మొదటివారంలో ప్రయాణం. "అక్కా, అక్కడ ఎవరికీ ఇంగ్లీషు రాదట, పిల్ల ఎలా నెగ్గుకొస్తుందో" అని వాడి బెంగ. వాడి గొంతులో బెంగ కన్నా గొప్పే ఎక్కువ వినిపించిందిలే. నాకూ అంతే. నేను మాత్రం ఒక్కటే అడిగాను: "ఆ ఇంటి తలుపుకి బయటవైపు పిడి తిరుగుతుందా, తిరగదా?" వాడికి అర్థం కాలేదు. నీకూ కాదు. ఈ ఉత్తరం అందుకే.

చలికోటు, మందులు, ఆవకాయ సీసాకి రెండు కవర్లు, ఇవన్నీ మీ అమ్మ చూసుకుంటుంది. ఆవిడకి నా మాటగా ఒక్కటి చెప్పు: నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు పెట్టొద్దని. పాలతో, మాంసంతో చేసినవి, పచ్చి ఆకులు యూరప్‌లోకి తేనివ్వరు. విమానాశ్రయంలో చెత్తబుట్టలో పడేస్తుంటే చూడ్డం ఎందుకు.

ముందు కాగితాలు. అవి విసుగే, కానీ ఒకటి జారితే దాని వెనకాల అన్నీ జారతాయి.

నువ్వు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానం మారితే, ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. మాడ్రిడ్‌లో దిగాక నిన్ను ఎవరూ ఏమీ అడగరు. అంటే స్పెయిన్‌లో ఏ రోజున అడుగుపెట్టావో చెప్పేది నీ బోర్డింగ్ పాసు ఒక్కటే. దాన్ని పారేయకు, ఫోనులో ఫోటో కూడా తీసి ఉంచు.

దిగిన రోజునుంచి నెల లోపల విదేశీయుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టాలి. దాన్ని అందరూ తియె అంటారు. ఆరు నెలలకి మించి ఉండే ప్రతి విద్యార్థికీ అది తప్పదు. దానికి పోలీసుల దగ్గర ముందుగా తారీఖు తీసుకోవాలి, దాని పేరు సీతా ప్రేవియా. మాడ్రిడ్ వాళ్ల నోట థీతా. పేరులోనే ఉంది చూడు, సీత కష్టాలు సీతవి! తారీఖులు వెబ్‌సైటులో కాసిని విడుదలవుతాయి, చూస్తుండగానే అయిపోతాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తూనే ఉండు. డబ్బిస్తే తారీఖు ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. అది ఉచితంగా దొరికేది, పైసా ఇవ్వకు. వెళ్లేటప్పుడు ఈఎక్స్-17 ఫారం, 790-012 నంబరు ఫీజు కట్టిన రసీదు, పాస్‌పోర్టు, వీసా ఉన్న పేజీ నకలు, కాలేజీ చేరిక పత్రం, ఫోటో ఉండాలి. ఫోటో మన పాస్‌పోర్టు సైజు పనికిరాదు, అక్కడి కార్డు సైజు 32 బై 26 మిల్లీమీటర్లు. మెట్రో స్టేషన్లలో ఫోటో పెట్టెలు ఉంటాయి, అందులో తీయించుకో. ఫీజు కట్టడానికి బ్యాంకుకి పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం రెండింటికల్లా బ్యాంకులు మూసేస్తారు.

దీనికి ముందు ఇంకొకటి ఉంది, పద్రోన్. నగరపాలక సంస్థ దగ్గర ఉండే నివాసుల పట్టిక అది. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి ఉంటోందని అందులో నీ పేరు ఎక్కించుకోవాలి. 010 కి ఫోను చేస్తే మాడ్రిడ్ పురపాలక కార్యాలయంలో తారీఖు ఇస్తారు. పాస్‌పోర్టు, నీ పేరుతో ఉన్న అద్దె ఒప్పందం, వాళ్లిచ్చే ఫారం చాలు. ఇంటి యజమానితో కాక, ఆ ఇల్లు అద్దెకి తీసుకున్న మనిషితో నువ్వు గది మాట్లాడుకుని ఉంటే, ఆ మనిషి సంతకంతో అనుమతి కావాలి. పని అయ్యాక బొలాంతె అనే కాగితం అడుగు, అక్కడికక్కడే ఇస్తారు. తియెకీ, బ్యాంకుకీ, చాలా చోట్లకి అదే చూపిస్తావు. రెండేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి, లేకపోతే నీ పేరు తీసేస్తారు.

గది చూసినప్పుడు అడ్వాన్సు మాట రాకముందే "మె ప్వెదో ఎంపాద్రొనార్?" అని అడుగు. "ఇక్కడ పేరు ఎక్కించుకోవడం కుదరదు, అందుకే అద్దె తక్కువ" అంటారు కొందరు. నిజానికి ఎక్కడుంటే అక్కడ నమోదు కావడం చట్టప్రకారం నీ బాధ్యత, దాన్ని ఆపే హక్కు యజమానికి లేదు. కానీ కాగితమో సంతకమో లేకుండా నువ్వు ఆఫీసులో గెలవలేవు. ఆ అద్దె తక్కువేం కాదు, మిగతాది తర్వాత వేరే రూపంలో కడతావు. అడ్వాన్సు మామూలుగా ఒక నెల అద్దె. చూడకుండా, తాళంచెవి చేతికి రాకుండా, ఎవరికీ డబ్బు పంపకు. యజమాని ఊళ్లో లేడు, తాళంచెవి పోస్టులో వస్తుందన్నాడంటే అక్కడితో ఆపెయ్.

ఇక ఇల్లు. "మూడో అంతస్తు" అని రాశావట. లవాపియెస్‌లో పాత ఇళ్లు చాలా. నేలమట్టం బాఖో, దానిపైన కొన్నిచోట్ల ఎంత్రెస్వేలో, ఆపైన ప్రిన్‌థిపాల్, ఆ తర్వాత మొదలవుతుంది ఒకటి. కాబట్టి నీ మూడు నేలమట్టంతో కలిపి లెక్కేస్తే నాలుగు కావచ్చు, ఆరూ కావచ్చు. లిఫ్టు ఉందా అని అడిగావా? రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, పాతకాలపు చెక్క మెట్లు. చిరునామాలో ఇథ్‌కియెర్దా అంటే ఎడమ వాటా, దెరేచా అంటే కుడి వాటా. అది రాయకపోతే నీ పార్సెలు పక్కవాళ్లింటికి పోతుంది. కింద గుమ్మంలో ఉత్తరాల డబ్బాలుంటాయి, బుథోన్ అంటారు. మొదటిరోజే దాని మీద నీ పేరు చీటీ అంటించు. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు, బ్యాంకు కార్డు అలాగే పోతుంది.

ఎక్స్‌తెరియోర్ అంటే వీధివైపు గది, ఇంతెరియోర్ అంటే లోపలి మండువావైపు గది. లోపలిది చవక, చప్పుడు తక్కువ, కానీ ఎండ రాదు. పగటిపూట వెళ్లి, దీపం ఆర్పి చూడు. స్నానాలగదిలో పైమూల నల్లమచ్చలుంటే తేమ, ఎంత తెల్లరంగు కొట్టినా డిసెంబరులో మళ్లీ వస్తుంది. వేడినీళ్లు ఎలా వస్తాయో అడుగు. తెర్మో, అంటే కరెంటుతో నీళ్లు కాగే ట్యాంకు అయితే ఎన్ని లీటర్లో చూడు, యాభై లీటర్లదైతే ఇద్దరు స్నానం చేశాక మూడోవాళ్లకి చన్నీళ్లే. గ్యాసు హీటరైతే వంటగది గోడలో గాలి కంత ఉంటుంది, జల్లెడలా. చలికి దాన్ని టేపుతో మూసేస్తారు తెలివితక్కువవాళ్లు. నువ్వు గానీ, నీతో ఉండే పిల్లలు గానీ ఆ పని చేయకండి. అది మూస్తే విషవాయువు లోపలే ఉండిపోతుంది. దానికి వాసన ఉండదు, తలనొప్పి వస్తుంది, నిద్ర వస్తుంది, అంతే. ఇది చదివి నవ్వకు. మూసి ఉంటే వెళ్లినరోజే పీకెయ్.

కరెంటు కూడా మన ఇంట్లోలా ఎంత వాడితే అంత రాదు. ఇంటికి ఇన్ని కిలోవాట్లని ముందే ఒప్పందం ఉంటుంది, పాత ఇళ్లలో మూడున్నర ఉంటుంది. ఒవెన్, హీటరు, బట్టల మిషను మూడూ ఒకేసారి వేస్తే ఠప్పున ఆరిపోతుంది. కంగారుపడకు. ఒకటి ఆపి, గుమ్మం పక్కన డబ్బాలో ఉన్న పెద్ద మీట కిందకి దించి, కాసేపాగి పైకి వెయ్యి.

ఇప్పుడు తలుపు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఆ కథ నీకెందుకు, మీ నాన్న వింటే ఇప్పటికీ నవ్వుతాడు. అది ఎలా జరుగుతుందో మాత్రం చెప్తాను, జాగ్రత్తగా విను.

మన తలుపుకి గొళ్లెం ఉంటుంది. వేస్తేనే పడుతుంది. వాళ్ల ఫ్లాటు తలుపుకి బయటవైపు ఉండేది గుండ్రటి ఇత్తడి పిడి, దాన్ని ఎంత తిప్పినా తిరగదు. అది లాగడానికే. తలుపు దగ్గరికి పడగానే లోపల చిన్న నాలుక టక్కున గాడిలో పడుతుంది. బయటనుంచి దాన్ని తీసేది తాళంచెవి ఒక్కటే. అంటే చెత్త సంచి మెట్లమీద పెట్టి వద్దామని రెండడుగులు వేస్తావు. వెనకాల లోపలి మండువావైపు కిటికీ తెరిచి ఉంటుంది, ఇటు తలుపు తెరిచి ఉంటుంది, మధ్యలో గాలి లాగుతుంది. ధడేల్. నువ్వు నైటీతో, చెప్పుల్లేకుండా, చేతిలో చెత్త సంచితో బయట ఉంటావు. ఫోను లోపల, చెవి లోపల, పొయ్యి మీద పప్పు లోపల.

ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. కిందికి పరిగెడతావు. వీధి గుమ్మం చుట్టూ "24 గంటలు" అని రంగురంగుల స్టిక్కర్లు అంటించి ఉంటాయి, తాళాలు తీసేవాళ్లవి. థెర్రఖేరో అంటారు. ఎవరి ఫోనో అడిగి పుచ్చుకుని మొదట కనపడ్డ నంబరుకి చేస్తావు. ఫోనులో చిన్న మొత్తం చెప్తాడు. వచ్చి డ్రిల్లు తీస్తాడు, తాళం మధ్యలో ఉండే బోంబీన్‌ని తొలిచేస్తాడు, కొత్తది వేస్తాడు, రాత్రిపూట రేటు, రానుపోను, పన్ను 21 శాతం, అన్నీ కలిపి వందల యూరోలు. నెల తిండిడబ్బు పోయినట్టే. నిజానికి తలుపు ఊరికే పడింది, చెవి తిప్పి వేసింది కాదు. అలాంటప్పుడు పనితెలిసినవాడు గట్టి ప్లాస్టిక్ రేకుని సందులో దూర్చి, ఆ నాలుకని వెనక్కి నెట్టి, ఏదీ విరగకుండా నిమిషాల్లో తీస్తాడు. చెవిని రెండు చుట్లు తిప్పి వేస్తే మాత్రం లావుపాటి కడ్డీలు గోడలోకి దిగుతాయి, అప్పుడు తొలచక తప్పదు. తేడా తెలియదని వాడికి తెలుసు.

కాబట్టి ఈ వరసలో చెయ్యి. పొయ్యి వెలుగుతుంటే ఇంకేమీ ఆలోచించకుండా 112, అగ్నిమాపకదళం వస్తుంది. లేకపోతే పక్కింటి గంట కొట్టు, కుర్చీ అడిగి కూర్చో, నీతో ఉండేవాళ్లకి ఫోను చేయించు, గంటైనా రెండైనా ఆగు. ఎవరూ రారంటే యజమానికి చెయ్యి, ఇంటి బీమాల్లో తాళం తీసే సేవ చాలాసార్లు కలిసే ఉంటుంది. అదీ కాదంటేనే థెర్రఖేరో. అతనితో మొదటి మాట, తలుపు ఊరికే పడింది, చెవి తిప్పలేదు అని. రెండో మాట, బోంబీన్ విరగకుండా, పన్నూ రానుపోనూ కలిపి మొత్తం ఎంత అని. ఆ మొత్తం చెప్పకుండా పెట్టె తెరిస్తే వద్దని పంపెయ్. చివరిగా బిల్లు, ఫక్తూరా, అడిగి తీసుకో.

ఇంకొక సంగతి. రాత్రి లోపల తాళం వేసుకుని చెవిని అలాగే తాళంలో వదిలేస్తారు చాలామంది, భద్రమని. అలా ఉంటే చాలా తాళాల్లో బయటనుంచి ఇంకో చెవి దూరదు. మెట్రో అర్ధరాత్రి దాటాక ఆగిపోతుంది. నీతో ఉండే పిల్ల రాత్రి బస్సులో మూడింటికి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, నువ్వు చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోతుంటావు. తీసి పక్కన కొక్కేనికి తగిలించు.

చెవికి నకలు ఫెర్రెతెరియాలో, అంటే ఇనుపసామాన్ల కొట్లో చేస్తారు. మామూలు చెవి కొద్ది యూరోలే, గుంటలు గుంటలుగా ఉండే భద్రత చెవి ఎక్కువ అవుతుంది, కొన్నిటికి యజమాని దగ్గరుండే కార్డు చూపించాలి. రెండు చెవులకీ చేయించు, వీధి గుమ్మానిదీ ఇంటిదీ. మొదటిది మరిచిపోయి రెండోది చేయించేవాళ్లని చూశాను, ఏం లాభం? చెవుల గుత్తికి చిరునామా చీటీ కట్టకు. కాళ్లపట్టా కింద పెట్టకు.

మరెక్కడ పెట్టాలి? మనిషి దగ్గర. నా అసలు బెంగ అదే హారికా. తాళంచెవి ఇవ్వగలిగిన మనిషి ఆ మెట్లమీద నీకు ఒక్కరైనా దొరకాలి, అదీ చలి రాకముందే.

ఎలా అంటావేమో. అక్కడ పలకరింపుకి పరిచయం అక్కర్లేదు. మెట్లమీద ఎవరు ఎదురైనా "బ్వేనోస్ దీయాస్", మధ్యాహ్నం భోజనం వేళనుంచి "బ్వేనాస్ తార్దెస్". లిఫ్టు దిగేటప్పుడు "అస్తా ల్వేగో", మళ్లీ కలుస్తామని, జీవితంలో మళ్లీ కలవకపోయినా సరే. కొట్లోకి అడుగుపెట్టగానే గాలిలోకైనా "ఓలా, బ్వేనాస్" అనాలి. అనకుండా నేరుగా ధర అడిగితే మర్యాద తెలియదనుకుంటారు. థాంక్యూలు, ప్లీజులు మాత్రం ఇంగ్లీషువాళ్లంత వాడరు. "పోన్‌మె మేదియో కీలో", అరకిలో పెట్టు, అంతే. మనలాగే.

సాన్ ఫెర్నాందో మార్కెట్ ఎంబఖాదోరెస్ వీధిలో ఉంది, నీకు దగ్గర. అక్కడ లైను కనిపించదు. కూరల దుకాణం ముందు ఐదుగురు తలో దిక్కు చూస్తూ నిలబడతారు, ఒకావిడ బెంచీ మీద కూర్చుని ఉంటుంది. లైను వాళ్ల బుర్రల్లో ఉంటుంది. నువ్వు వెళ్లగానే "కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?" అని గట్టిగా అడగాలి, చివర ఎవరు అని. ఒకరు "యో" అంటారు, నేను. ఆ మొహం గుర్తుపెట్టుకో, ఆ మనిషి తర్వాత నువ్వు. ఇంకొకరు వచ్చి అడిగినప్పుడు నువ్వు "యో" అనాలి. అడగకుండా ముందుకి వెళ్లావో, మొత్తం మార్కెట్ నీమీదకి వస్తుంది. మూడు వారాలు ఒకే దుకాణానికి వెళ్లు. నాలుగోవారం ఆయనే అడక్కుండా పెరెఖిల్ కట్ట సంచిలో పడేస్తాడు. అది కొత్తిమీర కాదు, చూడ్డానికి అలాగే ఉంటుంది, చారులో వేస్తే ఏడుస్తావు. కొత్తిమీర కావాలంటే థిలాంత్రో అని అడుగు.

కందిపప్పు, చింతపండు, పసుపు లవాపియెస్‌లోనే బంగ్లాదేశ్ వాళ్ల కొట్లలో దొరుకుతాయి, ఇక్కణ్ణించి మోయకు. కుక్కరు తెచ్చుకుంటే ముందు పొయ్యి ఏదో కనుక్కో, ఇండక్షన్ మీద మన అల్యూమినియం కుక్కరు వేడెక్కదు.

నువ్వు మాంసం తినవు కదా. "సిన్ కార్నె", మాంసం లేకుండా అని అడిగి ఊరుకోకు. ఖమోన్, అంటే ఉప్పులో ఊరి ఎండిన పందితొడ, అక్కడ చాలామంది లెక్కలో మాంసం కిందికి రాదు. చేప అసలే రాదు. పప్పు అనుకుని లెంతేఖాస్ చెప్పితే అందులో చోరీథో, అంటే పందిమాంసం సాసేజి ముక్కలుంటాయి, సలాడ్ మిక్స్‌తా అంటే పైన ట్యూనా. "నో కోమో కార్నె, నీ పెస్కాదో, నీ ఖమోన్" అని మూడూ చెప్పు. తోర్తీయా దె పతాతాస్ గుడ్డూ బంగాళాదుంపా, గుడ్డు తింటే అది నీకు అన్నంతో సమానం. మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు భోజనం, రాత్రి ఎనిమిదికి ముందు రాత్రి భోజనం చాలా హోటళ్లలో అడక్కు, వంటవాళ్లే ఉండరు.

భాష గురించి మీ నాన్నకి చెప్పు, మన పిల్లకి సగం వచ్చేసినట్టేనని. వాళ్ల త, ద మన త, ద లే, పళ్లకి తగిలేవి. ఇంగ్లీషువాళ్లు ట, డ అని చంపుతారు. అ, ఎ, ఇ, ఒ, ఉ మనవే. ఞ అనే అక్షరం మనం బళ్లో దిద్ది వదిలేశాం, వాళ్లు రోజూ వాడతారు. ఏడాదిని ఆఞో అనాలి, దాన్ని ఆనో అన్నావంటే అర్థం మారిపోతుంది, ఏమిటో నేను రాయను, నీ వయసు ఎంత అని ఎవరైనా అడిగినప్పుడు జాగ్రత్త. పేరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క, ర్‌ని బండిరలా దొర్లించాలి. సిగ్గుపడ్డానని చెప్పబోయి ఎంబరథాదా అనకు, కడుపుతో ఉన్నానని అర్థం.

కాలేజీకి పసుపు రంగు మూడో నంబరు మెట్రో లవాపియెస్‌నుంచి మోన్‌క్లోవా దాకా మారకుండా వెళ్తుంది. నీకింకా 26 నిండలేదు, యువత పాసు తీసుకో, ముప్పైరోజులకి అసలు ధర 20 యూరోలు, ప్రభుత్వ రాయితీ ఉంటే ఇంకా తక్కువ, ప్రాంతమంతా తిరగొచ్చు. ఆదివారం రాస్త్రో సంతకి వెళ్తే సంచి ముందుకి వేసుకో. హోటలు బయట బల్లమీద ఫోను పెట్టకు. ఎవడో కాగితం చూపిస్తూ దాని మీదే పరుస్తాడు, కాగితంతోపాటు ఫోనూ పోతుంది.

చలి రాకముందే చూస్తావు, సాయంత్రం ఎండ తగ్గగానే పాత మనుషులు కొందరు కుర్చీలు వీధిలో వేసుకుని కూర్చుంటారు, మన అరుగుల మీద లాగే. దాన్ని తొమార్ ఎల్ ఫ్రెస్కో అంటారు, చల్లగాలి తీసుకోవడం. వాళ్లలో ఒకావిడ నీ ఇంట్లోనే ఒకటో అంతస్తులో ఉంటుంది చూడు, ప్రతి లవాపియెస్ ఇంట్లోనూ ఒకావిడ ఉంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి కుళాయి కారుతోందో ఆవిడకి తెలుసు. నిన్ను ఇఖా అంటుంది, అమ్మాయీ అని. విసుక్కోకు. ఆవిడ సంచి పైకి మోసిపెట్టు. ఒక ఆదివారం పులిహోర పట్టుకెళ్లు, కారం తగ్గించి. గిన్నె ఖాళీగా తిరిగిరాదు. ఆ గిన్నె తెచ్చి ఇచ్చిన రోజునే రెండు చెవులూ ఆవిడ చేతిలో పెట్టు.

పెట్టాక నాకు ఫోను చెయ్యి. రాత్రి అయినా సరే, అక్కడ తొమ్మిదైతే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుందిలే, మెలకువగానే ఉంటాను.

మీ అత్త